నింగిదాడి డైరీ: ‘దిగే ఓడ’ తెచ్చిన తంటా

మొదటి ఆదివారం

ఇవాళ ఆట సగంలో ఆగిపోయింది. పటం మీద యుద్ధం ఆగి రూల్స్ కాగితం మీద మొదలైంది.

ఈ డైరీ కొత్తగా చదివేవాళ్లకి రెండు ముక్కలు. ‘నింగిదాడి’ రెండేళ్లుగా నేను తీరిక దొరికినప్పుడల్లా తయారు చేస్తున్న బోర్డు ఆట. పాత దాడి ఆట మీద మోజుతో ఆ పేరు పెట్టాను గానీ దానికీ దీనికీ వేరే చుట్టరికం లేదు. ఆరు మూలల గడుల పటం, అందులో భూమి, చంద్రుడు, అంగారకుడు. ఓడలు తిరుగుతాయి, కొట్టుకుంటాయి. పగలు బెజవాడ గవర్నర్‌పేటలో ఒక ప్రెస్సులో డీటీపీ పని, పెళ్లిపత్రికలూ కరపత్రాలూ. రాత్రి సత్యనారాయణపురంలో మా ముందుగదిలో ఇది.

ప్రతి ఓడకీ ఒక బాణం ఉంటుంది. లామినేషన్ చేసిన పటం మీద మార్కరు పెన్నుతో గీస్తాం. పోయిన వంతులో ఓడ ఎటు ఎన్ని గడులు వెళ్లిందో ఈ వంతులోనూ అటే అన్ని గడులు వెళ్తుంది. ఇంజిన్ ఆపగానే ఆగిపోవడానికి అదేం ఆటో కాదు. ఒక చింతగింజ ఖర్చు పెడితే బాణం కొసని ఒక గడి పక్కకి జరుపుకోవచ్చు. ఓడకి పది గింజలు. రూల్స్‌లో ‘ఇంధనం’ అని రాశాను, ఆడేటప్పుడు మాత్రం అందరూ పెట్రోలనే అంటున్నారు. గ్రహం చుట్టూ ఉన్న ఆరూ లాగుడు గడులు. అందులో అడుగుపెట్టిన ఓడకి తర్వాతి వంతులో బాణం కొస ఒక గడి గ్రహం వైపు దానంతటదే జరుగుతుంది. బాణాలతో నడిచే ఓడల ఆటలు 1970ల నుంచీ ఉన్నాయి, ఇందులో నా సొంత తెలివేమీ లేదు.

అయినా ముచ్చటేస్తుంది. ఒక గడి వేగంతో ఒక లాగుడు గడిలోంచి పక్క లాగుడు గడిలోకి వెళ్లిన ఓడ, గింజ ఖర్చు లేకుండా ఆరు వంతుల్లో గ్రహం చుట్టూ తిరిగి మొదటి గడికే వస్తుంది. దానికి వేరే రూలు అక్కర్లేదు, బాణాల లెక్కే తిప్పుతుంది. మొదటిసారి అది చూసిన రాత్రి మా ఆవిణ్ణి లేపి మరీ చూపించాను. “ప్రదక్షిణలు చేస్తోంది, బాగుంది, ఇక పడుకోండి” అంది. అప్పటినుంచీ మా ఇంట్లో కక్ష్యకి ప్రదక్షిణ అనే పేరు.

ఇక ఇవాళ్టి గొడవ. మేనల్లుడి ఓడ చంద్రుడి మీద ఉంది. వాడు ఇంటర్ సెకండియర్ ఎంపీసీ, ఎండాకాలం సెలవులకి వచ్చాడు. మా బావమరిది ఓడలు రెండు అటు వచ్చాయి. మేనల్లుడు ఒక గింజ పెట్టి పైకి లేచాడు, కాల్చాడు. పైకి ఒక గడి వేగం, కిందికి ఒక గడి లాగుడు, చెల్లుకు చెల్లు. రెండో వంతులో ఓడ ఉన్నచోటే వేలాడింది. అక్కణ్ణుంచి మళ్లీ కాల్చాడు. బావమరిది తిరిగి కాల్చబోతే పటానికి చెయ్యి అడ్డం పెట్టాడు.

“కుదరదు బాబాయ్. మావయ్యా, పద్నాలుగో రూలు చదువు.”

చదివాను. ‘దిగే ఓడపై కాల్పులు జరపరాదు.’ రాసింది నేనే, కంపోజ్ చేసిందీ నేనే.

“వచ్చే వంతులో నా ఓడ కిందికొస్తుంది. బాణం చూడండి. అంటే ఇది దిగే ఓడే కదా?”

“ఇంకా గాల్లో ఉంటే దిగడమేంట్రా!”

“చంద్రుడి మీద గాలి లేదు బాబాయ్.”

బావమరిది ప్లీడరుగారి దగ్గర గుమాస్తా. కాగితం లాక్కుని, కళ్లజోడు పైకి తోసి, రెండుసార్లు చదివి, “బావా, రాసినదాన్ని బట్టి చూస్తే వాడిదే న్యాయం” అన్నాడు. తనకి వ్యతిరేకంగా తనే తీర్పు చెప్పుకున్నాడు, వృత్తి ధర్మం.

మూడో వంతులో ఓడ ఒక గడి వేగంతో కిందికొచ్చింది. ‘ఒక గడి వేగంతో వస్తే దిగినట్టు, అంతకు మించితే కూలినట్టు’ అని పన్నెండో రూలు. గింజ ప్రస్తావనే లేదు. ఒక్క గింజతో లేచి, రెండుసార్లు కాల్చి, ఒక్క దెబ్బ తినకుండా దిగిపోయాడు. ఈ ఎత్తుకి పేరు కూడా వాడే పెట్టాడు: కప్పగంతు. “చంద్రయాన్-3 విక్రమ్ ల్యాండర్ కూడా ఎగిరి దిగిందిగా!” అని పైగా.

పక్కవాటాలో ఉండే మాస్టారు, ఫిజిక్స్ లెక్చరర్‌గా రిటైరయ్యారు, అప్పటిదాకా మజ్జిగ తాగుతూ చూస్తున్నారు. గ్లాసు కింద పెట్టారు. “2023 సెప్టెంబరు 3న విక్రమ్ ఎగిరింది సుమారు 40 సెంటీమీటర్లురా. లేవడానికి ఇంజిన్లే, దిగడానికీ ఇంజిన్లే. నీ ఓడ రాయిలా పడింది.”

ఆట ఆపేశాం.

అదే రాత్రి

తప్పు లెక్కలో ఉందనుకున్నాను. కాదు, తప్పు ‘దిగే’లో ఉంది.

బస్టాండులో ‘గుంటూరు వెళ్లే బస్సు’ అంటే ప్లాట్‌ఫాం మీద ఆగి ఉన్నదీ అదే, వారధి దాటుతున్నదీ అదే, రేపు పొద్దున రావలసిందీ అదే. ఎక్కేవాడికి దాంతో ఇబ్బంది లేదు. ఆ బస్సు మీద గురిపెట్టి కూర్చున్నవాడికి ఉంది. చిన్నప్పుడు బళ్లో తద్ధర్మార్థక విశేషణం అని చెప్పారు, మూడు కాలాలకీ చెల్లే గుణాన్ని చెప్పేది. మార్కుల కోసం బట్టీ పట్టాను, నలభై రెండేళ్ల వయసులో పనికొచ్చింది. ఓడ ఏ వంతులో ఉందన్నదే అసలు ప్రశ్న అయిన చోట, ఏ కాలమూ చెప్పని మాట పెట్టి రూలు రాశాను.

మంగళవారం

‘దిగుతున్న ఓడ’ అని మార్చాను. వేలాడుతున్న ఓడ కూడా దిగుతున్నదే అన్నాడు మేనల్లుడు, ఫోన్లోంచి తల ఎత్తకుండా.

గురువారం

‘దిగిన ఓడ’ అన్నాను. ఇది ఖాయం అనుకున్నాను. సాయంత్రం బావమరిది ఫోన్ చేశాడు. “బావా, దిగిన ఓడ మళ్లీ లేచిందనుకో. దిగిన ఓడే కదా? దిగలేదని ఎవరనగలరు?” వీడికి ఆఫీసులో పని లేనట్టుంది.

రెండో ఆదివారం

రూల్స్ సంగతి పక్కన పెట్టి ఇవాళ ఫ్యానుతో పోరాటం. ఇన్నాళ్లూ ఓడలంటే అట్టముక్కలే. బెజవాడలో మే నెల, ఫ్యాను ఆపితే మనుషులు నిలవరు, వేస్తే ఓడలు నిలవవు. రెండు ఓడలు భూమి మీంచి లేచి సోఫా కింద దిగాయి. ఏ రూలూ వర్తించలేదు.

ఇక లాభం లేదని కొండపల్లి వెళ్లొచ్చాను. బొమ్మలు చేసే ఒకాయన్ని అడిగితే తెల్లపొణికి కర్రతో బొటనవేలంత ఓడలు రెండు డజన్లు చెక్కిస్తానన్నారు. కింద చదును, పైన మొన. రెక్కలు విడిగా చెక్కి మక్కుతో అతికిస్తారట. మక్కు అంటే చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన ముద్ద. మా ఓడలకి పెట్రోలూ చింతగింజే, అతుకూ చింతగింజే.

నమూనాకి ఒకటి ఇచ్చారు. అరచేతిలో దూదిలా ఉంది, అయినా ఫ్యాను కింద కదల్లేదు. బస్సులో తిరిగొస్తూ ఒళ్లో పెట్టుకున్న పుస్తకం మీద దాన్ని నిలబెట్టాను. ఇబ్రహీంపట్నం దగ్గర స్పీడు బ్రేకరుకి పక్కకి పడిపోయింది. మళ్లీ నిలబెట్టాను. మళ్లీ పడింది.

మూడోసారి నిలబెట్టబోతూ ఆగాను. నిలబడి ఉంటే పైన ఉన్నట్టు. పడుకుని ఉంటే నేల మీద ఉన్నట్టు. దిగే, దిగుతున్న, దిగిన, వీటిలో ఏదీ అక్కర్లేదు. ఓడ ఏం చేస్తోందని అడగొద్దు, ఎలా ఉందో చూస్తే చాలు.

సోమవారం

పడుకోబెడితే ఇంకో లాభం ఉందని పొద్దున పళ్లు తోముకుంటుంటే తట్టింది. పడుకున్న ఓడకి మొన ఎటో ఒక వైపు ఉండాలి కదా. గ్రహం గడికి ఆరు వైపులు. ఓడ ఎటునుంచి వచ్చి దిగిందో ఆ వైపుకే మొన పెడితే, ఏ వైపు నేల మీద ఉందో కూడా తెలిసిపోతుంది. అప్పుడు ‘కాల్చరాదు’ అన్న నిషేధమే అవసరం లేదు. మొన ఎదుటి గడిలో ఉన్న శత్రువు మాత్రమే దాన్ని కాల్చగలడు, అదీ ఆ ఒక్క గడిలోకే కాల్చగలదు. మిగతా ఐదు వైపులా గ్రహమే అడ్డు. నిజానికి మొదట్లో నిషేధం పెట్టింది కూడా గ్రహం చాటు దొరకాలనే. చాటుని చాటుగానే రాస్తే పోయేది.

మాస్టారికి చూపించాను. నచ్చింది, కానీ ఊరికే వదల్లేదు. “గ్రహాలు తిరుగుతాయి కదండీ. మీ ఆటలో ఒక వంతంటే ఎంతసేపు?”

ఒక రోజు అని ఎప్పుడో అనుకున్నాం.

“భూమి రోజుకోసారి తిరిగేస్తుంది. అంగారకుడు ఇంకో 40 నిమిషాల దాకా ఎక్కువ తీసుకుంటాడు. చంద్రుడికి 27 రోజుల పైనే. మరి అన్నిటికీ ఒకే రూలెలా?”

ఇలాంటి అభ్యంతరాలు మామూలుగా విని ఊరుకుంటాను. ఇది మాత్రం ఆటకి పనికొచ్చేది. భూమి మీద, అంగారకుడి మీద పడుకున్న ఓడ లేచేటప్పుడు ఏ వైపు నుంచైనా లేవొచ్చు. చంద్రుడి మీద మొన ఉన్న వైపే. అంటే చంద్రుడి మీద ఎవరైనా మీ మొన ఎదుట కాపు కాస్తే ఇరుక్కున్నట్టే.

బుధవారం, గురువారం

రెండు రాత్రులూ దిగడానికి అయ్యే ఖర్చు మీద.

చంద్రుడి దగ్గర గాలి లేదు, పారాచూట్ పని చేయదు. చంద్రయాన్-3 లెక్క తీసుకున్నాను. 2023 ఆగస్టు 23 సాయంత్రం, 30 కిలోమీటర్ల ఎత్తులో సెకనుకి సుమారు 1.68 కిలోమీటర్ల వేగం. ఆ వేగమంతా దాదాపు 19 నిమిషాల్లో ఇంజిన్లతోనే చంపుకోవాలి. కింద మనకోసం పట్టుకునేవాళ్లెవరూ లేరు. కాబట్టి ఒక గింజ బాణాన్ని గ్రహం వైపు తిప్పడానికి, ఇంకో గింజ బ్రేకుకి. బ్రేకు గింజ లేకపోతే వేగం ఒక గడే అయినా కూలినట్టే. దీంతో కప్పగంతు ఖరీదు ఒకటి నుంచి రెండుకి పెరిగింది. పైగా వేలాడుతున్నప్పుడు ఓడ నిలబడే ఉంటుంది గనక అందరికీ దొరుకుతుంది. ఎత్తుని నిషేధించలేదు, చవగ్గా మాత్రం దొరకదు.

అంగారకుడి మీద గాలి ఉంది గానీ పీడనం మన నేల మీది గాలిలో నూరో వంతు కూడా లేదు. 2012లో నాసా క్యూరియాసిటీ రోవర్ పారాచూట్ వాడి కూడా చివర్లో రాకెట్ల సాయంతోనే దిగింది. అక్కడా బ్రేకు గింజ కట్టాల్సిందే.

భూమి మీద గాలే బ్రేకు. గింజ అక్కర్లేదు అని రాసేశాను, పడుకున్నాను.

శుక్రవారం

పొద్దున్నే మేనల్లుడు. “మావయ్యా, భూమి మీద కప్పగంతు ఫ్రీయా?”

నిజమే. పైకి లేచి, వేలాడి, పడితే గాలే దింపుతుంది. భూమి మీద సొంత బేస్, అంటే స్థావరం, ఉంటే లేవడానికి కూడా గింజ అక్కర్లేదు, బేస్‌లోని బూస్టర్ రాకెట్టే పైకి తోస్తుంది. మొత్తం ఉచితం. ముందుగదిలో మూసిన తలుపు వంటింట్లోంచి తెరుచుకుంది.

అందుకని ఒక షరతు పెట్టాను. ముందు వంతులో ప్రదక్షిణలో ఉన్న ఓడే, అంటే ఒక లాగుడు గడిలోంచి పక్క లాగుడు గడిలోకి కదిలిన ఓడే, గాలిని వాడుకోవచ్చు. మిగతావాటికి భూమి మీద కూడా బ్రేకు గింజ తప్పదు.

మాస్టారు ఒప్పుకోలేదు. 1961 మే 5న అమెరికా వ్యోమగామి అలన్ షెపర్డ్ కక్ష్యలోకి వెళ్లకుండానే పైకి లేచి, పావుగంటలో పారాచూట్‌తో సముద్రంలో దిగాడన్నారు. అది అచ్చంగా భూమి మీద కప్పగంతే. ఆయన చెప్పింది నిజం, నా రూలు అబద్ధం. అయినా నా రూలే ఉంచాను. అష్టాచెమ్మాలో ఎదుటి కాయని ఒక్కదాన్నైనా చంపకపోతే లోపలి గళ్లలోకి వెళ్లకూడదని ఆడేవాళ్లం. దానికి ఏ ఫిజిక్సు ఉంది?

ఆయన దగ్గర మాత్రం ఒకచోట దెబ్బ తిన్నాను. లేవడానికి గ్రహాన్ని బట్టి ఖర్చు ఉండాలని కక్ష్య వేగాలు తీసుకున్నాను. భూమికి సెకనుకి 7.9 కిలోమీటర్లు, అంగారకుడికి మూడున్నర, చంద్రుడికి 1.7. చంద్రుడికి ఒక గింజ అయితే అంగారకుడికి రెండు, భూమికి దగ్గర దగ్గర ఐదు. కాగితం మీద ఎంత అందంగా ఉందో! ఆడి చూస్తే భూమి నుంచి లేచిన ఓడలన్నీ సగం ట్యాంకుతో అంగారకుడి దారిలో ఆగలేక, తిరగలేక పటం చివరి నుంచి వెళ్లిపోయాయి. బావమరిదివి మూడు ఓడలు అలా పోయాయి. “పెట్రోలు బంకు లేని హైవే” అన్నాడు. అంగారకుడి రెండూ, చంద్రుడి ఒకటీ ఉంచి భూమికి ఐదు తీసేశాను. భూమి మీంచి బేస్ బూస్టర్‌తోనే లేవాలి, బేస్ పోతే లేవలేరు. మాస్టారి లెక్క చెక్కుచెదరలేదు, నా ట్యాంకే చిన్నది.

మూడో ఆదివారం

కొండపల్లి ఓడలు వచ్చాయి. రంగు వాసన ఇంకా పోలేదు.

ఇవాళ ఆడింది అక్క, అంటే మేనల్లుడి తల్లి. ఆమె ఈ ఆట ఎప్పుడూ చూడలేదు, అందుకే పిలిచాను. షరతేమిటంటే మేమెవరం నోరెత్తకూడదు, ఆమె చేతిలో కాగితం మాత్రమే ఉండాలి. మేనల్లుడిని నోరెత్తకుండా కూర్చోబెట్టడం ఓడని చంద్రుడి మీద దించడం కంటే కష్టం.

భూమి మీంచి లేచింది. ఓడని నిలబెట్టింది, ఎవరూ చెప్పకుండానే. వేలాడగానే కాగితం చూసి, ఒక గింజ పెట్టి పక్కకి తిప్పి ప్రదక్షిణలో పెట్టింది. చంద్రుడి దగ్గరికి చేరేసరికి నాలుగు గింజలు మిగిలాయి. అక్కడా తిరిగింది. బాణాన్ని చంద్రుడి వైపు తిప్పింది, తిప్పినందుకు ఒక గింజ పక్కన పెట్టింది, ఓడని గ్రహం గడిలో చక్కగా మొన చూసి పడుకోబెట్టింది. నా గుండె నిండిపోయింది.

“కూలింది!” అని అరిచాడు మేనల్లుడు. బ్రేకు గింజ కట్టలేదు.

అక్క కాగితం తిప్పి చూసింది. “ఇదిగో, రాశావు. ఎక్కడ రాశావు? పడుకోబెట్టమని పైన రాసి, గింజ కట్టమని నాలుగు లైన్ల కింద రాస్తే ఎవరు చూస్తారు? ఉప్పు సంగతి వడ్డించాక చెప్పినట్టుంది.”

చేతులు చేసే వరసలోనే వాక్యాలూ ఉండాలి. రాత్రి కూర్చుని తిరగరాశాను. ఇప్పటి పద్నాలుగో రూలు ఇదీ:

‘మీ వంతులో బాణం కొస గ్రహం గడిలో ఉంటే, ఓడని కదిలించే ముందే ఒక గింజ కట్టండి. భూమి దగ్గర, ముందు వంతులో ప్రదక్షిణలో ఉన్న ఓడకి ఈ గింజ అక్కర్లేదు. గింజ కట్టని ఓడ, ఒక గడి కంటే ఎక్కువ వేగంతో వచ్చిన ఓడ కూలినట్టే, తీసేయండి. మిగతా ఓడని గ్రహం గడిలోకి తెచ్చి, వచ్చిన వైపుకి మొన పెట్టి పడుకోబెట్టండి. పడుకున్న ఓడకీ మొన ఎదుటి గడికీ మధ్యే కాల్పులు. ఓడని మళ్లీ మీ వంతు మొదట్లోనే నిలబెట్టాలి. నిలబడి ఉన్న ఓడ ఎక్కడున్నా దానికి ఏ రక్షణా లేదు.’

బావమరిదికి పంపాను. గంట తర్వాత జవాబొచ్చింది: “పొరపాటున చెయ్యి తగిలి పడిపోయిన ఓడ సంగతేంటి బావా?” గ్రహం గడిలో ఉంటేనే లెక్క, బయట పడితే లేపి నిలబెట్టు అని రాశాను. ఆ ముక్కా చేర్చాలి.

బుధవారం, ప్రెస్సులో

భోజనాల టైములో పేజ్‌మేకర్‌లో ఫైలు తెరిచి ‘దిగే’ కోసం మొత్తం వెతికాను. తొమ్మిది చోట్ల దొరికింది. ఎనిమిది తీసేశాను. ఒక చోట ‘దిగేటప్పుడు’ని ‘గింజ కట్టాక’ అని మారిస్తే వాక్యం తేలికైంది, ఇంకో రెండు చోట్ల ఆ వాక్యమే అక్కర్లేదని తేలింది.

తొమ్మిదోది పెట్టె మీది అట్టపై ఉంది. ‘చంద్రుడి మీద దిగే దమ్ముందా?’ అని, ఎర్రటి పెద్దక్షరాల్లో. యాభై అట్టలు పోయిన నెలే వేయించేశాను. మెషిన్ పక్కన కట్ట కట్టి ఉన్నాయి, మీద ఎవరో టీ గ్లాసు పెట్టిన గుండ్రటి మరక కూడా ఉంది. పైదాన్ని తీసి కిందపెట్టాను.